అవ్వ దాటని పట్టాలు

పోయిన చలికాలంలో మా తమ్ముడి మనవరాలు నన్ను అరకు తీసుకుపోయింది. కొండల మధ్య పోయే ఆ రైల్లో ఒక పెట్టెకు పక్కలూ పైకప్పూ అన్నీ అద్దాలే. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు వేస్తున్నారు, పెద్దలు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ఒకచోట బండి ఏదో వంతెన కింద నుంచి పోతుంటే నేను గబుక్కున తల వంచాను. ‘‘తగలదులే అవ్వా, పైన అద్దముంది’’ అని ఆ పిల్ల నవ్వింది. ఆ తర్వాత తన ఫోన్లో ఏదో దేశంలో తీసిన బొమ్మలు చూపించింది. ఒక నది, దాని ఒడ్డున రైలు, రైలు పక్కనే నున్నటి సన్న దారి, దాని మీద టోపీలు పెట్టుకుని సైకిళ్లు తొక్కుతున్న మనుషులు. మనకు ఇలాంటివి ఎందుకు లేవని అడిగింది. నేను ఉండేదన్నాను. నున్నటి దారి కాదు, టోపీలు లేవు, కానీ ఏరూ రైలూ సైకిలూ మూడూ ఉండేవని, అక్కడే నేను సైకిలు నేర్చుకున్నానని చెప్పాను. అది నమ్మినట్టు తలూపి మళ్లీ కిటికీ వైపు తిరిగింది.

ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పి బతికినదాన్ని. ఏ పనికైనా తేదీ రాసిపెట్టుకోవడం నాకు అలవాటు. ఇంట్లో వాళ్లు దీన్ని జబ్బంటారు. ఇప్పుడు చెప్పబోయే రోజుకు మాత్రం నా దగ్గర తేదీ లేదు, ఎందుకంటే ఆ అలవాటు నాకు అప్పటికింకా రాలేదు. ఇంటర్ ఫలితాలు వచ్చిన తర్వాత, తొలకరి పడకముందు అని మాత్రం ఖచ్చితంగా చెప్పగలను. తుంగభద్రలో అప్పుడు ఇసుక ఎక్కువ, నీళ్లు తక్కువ. ఇదే సంగతిని మా తమ్ముడు చెప్పేటప్పుడు ఏరు నిండుగా పారుతోందంటాడు. అది తప్పు. వాడు ఆ రోజు మాతో లేడు.

మాది ఎమ్మిగనూరు. నేత ఇల్లు. తెల్లవారకముందే వీధిలో పడుగు, అంటే చీర నిలువు పోగులు, చాపేవాళ్లు. ఈ కొస ఒక గుంజకు, ఆ కొస ఒక గుంజకు కట్టి, నడుమ అక్కడక్కడా కర్రలు నిలబెట్టి, వీధి పొడుగునా నూలు లాగి కడితే మా ఇంటి ముందు నుంచి మలుపు దాకా తెల్లటి చెరువులా ఉండేది. దానికి గంజి పట్టించి కుంచెతో దువ్వాలి. ఎండ ముదిరితే గంజి ఎండిపోయి పోగులు పెళుసెక్కుతాయి కాబట్టి పనంతా చల్లపొద్దునే జరగాలి. పులిసిన గంజి వాసన, తడి నూలు వాసన, కుంచెకు రాసిన నూనె వాసన, ఈ మూడూ కలిస్తే నాకు ఇప్పటికీ తెల్లవారినట్టే ఉంటుంది. అమ్మా నాన్నా చెరోపక్క కుంచె పట్టుకుని నడిచేవాళ్లు. మా అవ్వ, అంటే నాన్నను కన్నతల్లి, కుంచె పట్టేది కాదు. చేతులు కడుక్కుని వచ్చి పడుగు మీద అరచేయి ఆనించి కళ్లు మూసుకునేది. బిగి చాలకపోతే చేయి తీయకుండానే చెప్పేది, గుంజ దగ్గర నాన్న లాగేవాడు. చాలంటే చాలు. మా ఇంట్లో చీరకు మాత్రమే కాదు, పెళ్లికైనా బేరానికైనా ఆఖరి మాట ఆ అరచేతిదే.

చాపిన పడుగును ఎవరూ దాటకూడదు. కాలెత్తి దాటితే ఆ మగ్గం ఆ ఇంటికి అచ్చిరాదని మా వాళ్ల నమ్మకం. అవతలికి పోవాలంటే కొస దాకా నడిచి చుట్టుకుని పోవాలి, లేదంటే వంగి కింద నుంచి దూరాలి. వంగి దూరితే తప్పులేదు. అందుకే మా వీధి పిల్లలందరికీ వంగడం నడకతోపాటే వచ్చేది. ఎద్దులబండ్లు పక్క వీధికి మళ్లేవి. ఒకసారి ఊరికి కొత్తగా వచ్చిన పోస్టుమ్యాన్ సైకిలును భుజాన వేసుకుని పడుగు మీదుగా కాలెత్తబోయాడు. అవ్వ అరవలేదు. ‘‘అయ్యా, వంగితే నీ నడుము ఇరగదు. దాటితే మా ఇల్లు ఇరుగుతాది’’ అన్నది. పాపం, ఆయన ఆ సైకిలుతోపాటే వంగి దూరాడు. అప్పటి నుంచి మా వీధికి వస్తే కొస దగ్గరే నిలబడి పేరు పెట్టి పిలిచేవాడు.

ఇంటర్లో నాకు లెక్కల్లో మంచి మార్కులు వచ్చాయి. అనంతపురంలో ఆడపిల్లల కాలేజీలో బీఎస్సీ సీటు, హాస్టల్లో చోటు దొరికాయి. ఆదోనిలో చదవమని కొందరన్నారు గానీ మగపిల్లలతో కలిసి చదివే కాలేజీకి నాన్న ఒప్పుకోలేదు. అనంతపురానికి ఆయన ఒప్పుకున్నాడు, అవ్వ ఒప్పుకోలేదు. రైలెక్కి పోయేంత దూరం పిల్లను పంపడం ఆమెకు మింగుడుపడలేదు. నేను ఏడ్చాను, ఒక పూట అన్నం మానేశాను. అవ్వ నా ముందు రొట్టె, చెనిక్కాయల పొడి పెట్టి, ‘‘పోగు తెగితే అతుకుతాం. పోగే పోతే యాడ తెచ్చి అతకాల?’’ అని లేచిపోయింది. కాలేజీ తెరిచేలోపు చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఇంట్లో ఎవరూ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తేదేముంది, అరచేయి చెప్పేసింది.

మా మేనత్త, అంటే అవ్వ కూతురు, తుంగభద్ర స్టేషన్ దగ్గర ఉండేది. మంత్రాలయం పోయేవాళ్లు దిగే స్టేషన్ అది. మామ నేత ఇంట పుట్టినవాడే గానీ మగ్గం వదిలి రైల్వేలో గ్యాంగ్‌మ్యాన్‌గా చేరాడు. రోజూ సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడవడం, వదులైన బిగింపులను కొట్టి సరిచేయడం ఆయన పని. మగ్గం వదిలిన అల్లుడని అవ్వకు ఆయన మీద గుర్రు. నాకు మాత్రం మామ ఇల్లంటే పండగ. వేసవి సెలవులన్నీ అక్కడే. ఆదోనిలో ఒక సాయిబు అంగట్లో కొన్న పాత సైకిలు ఆయనకు ఉండేది. గంట పలకదు, మిగతా అన్నీ పలుకుతాయి. కంకర రాళ్ల అంచున గ్యాంగు మనుషుల కాళ్లకు అరిగి తేలిన సన్నటి బాట ఒకటి స్టేషన్ నుంచి ఏటి దాకా పోయేది. ఆ బాట మీదే, మగవాళ్ల సైకిలు నడిమి కడ్డీ కింద నుంచి కాలు దూర్చి నేను తొక్కడం నేర్చుకున్నాను.

ఆ బాటను మాటల్లో చెప్పడం కష్టం. ఒక పక్క నల్లరేగడి చేలు, దూరంగా ఎవరో పేర్చి పెట్టినట్టు కోసిగి రాతిగుట్టలు. ఇంకో పక్క చేయి చాపితే అందేటంత దగ్గరలో పట్టాలు. తంతి స్తంభాలకు చెవి ఆనిస్తే లోపల తేనెటీగలు తిరుగుతున్నట్టు రొద. వెనక నుంచి బండి వస్తోందంటే ముందు పట్టాలకు తెలిసేది, తర్వాత చక్రాలకు, తర్వాత నా అరికాళ్లకు. నేను సైకిలు దిగి తుమ్మచెట్టు కింద నిలబడేదాన్ని. పొగ, వేడిగాలి, మొహాన కొట్టే బొగ్గు నలుసులు, కిటికీల్లో ఎవరెవరివో మొహాలు. నన్ను చూసి చేతులూపేవాళ్లు. బండి పోయాక ఒక్క క్షణం లోకమంతా చెవుడు వచ్చినట్టు ఉండేది. ఆ తర్వాత పిచ్చుకలు మొదలుపెట్టేవి. బాట చివర నేల ఒక్కసారిగా జారి, ఏరు కనబడేది. రాతి స్తంభాల మీద ఇనుప వంతెన, దాని మీద రైలు. కింద ఇసుకలో నీళ్ల పాయలు ఆరవేసిన చీరల్లా మెరిసేవి. అంత పెద్ద బండి అంత సన్నటి గీత మీద, ఆకాశంలో పోతున్నట్టు పోతుంటే నేను తొక్కడం ఆపి నిలబడిపోయేదాన్ని. భయం కాదు. ఏడుపూ కాదు. దానికి పేరు నాకు ఇప్పటికీ దొరకలేదు.

ఆ వేసవిలో అత్తకు మూడో కాన్పు. పుట్టింటికి రాలేని పరిస్థితి కాబట్టి అవ్వే బస్సులో మంత్రాలయం మీదుగా అక్కడికి వచ్చింది. నేను వెంట వచ్చాను. బాలింతకు పథ్యం, బిడ్డకు నలుగు, సాంబ్రాణి పొగ, వీటితో నెల గడిచింది. మామ క్వార్టరు గడపలో కూర్చుంటే పట్టాలు కనబడేవి. అవ్వ గడపలో కూర్చునేదే గానీ ఎప్పుడూ ఇంటి వైపు మొహం పెట్టి, పట్టాలకు వీపు చూపించి కూర్చునేది. బండి వచ్చినా తిరిగేది కాదు. ‘‘మా అత్తకు నా మీది కోపం రైలు మీదికి కూడా ఎక్కినట్టుండాది’’ అని మామ నవ్వేవాడు. మేమూ అలాగే అనుకున్నాం. బావీ అంగడీ ఇవతలి పక్కే ఉండటంతో ఆ నెలంతా ఆమె పట్టాలు దాటలేదన్న సంగతి మాలో ఎవరూ గమనించలేదు.

ఎమ్మిగనూరుకు తిరిగిపోవడానికి ముందు రోజు నాకు ఆ ఆలోచన వచ్చింది. వంతెన మీద రైలును ఒక్కసారి చూస్తే అవ్వ మనసు మారుతుంది. నన్ను నిలబెట్టినట్టే ఆమెనూ నిలబెడుతుంది. చూడకుండా ఇంటికి పోయిందంటే నా చదువు అంతటితో సరి. ఏటికి మొక్కుకుని వద్దామని అడిగితే అవ్వ కాదనలేదు; తుంగభద్రమ్మకు పసుపు కుంకుమ వేయకుండా పోవడం ఆమెకూ ఇష్టం లేదు. మధ్యాహ్నం పోయే ప్యాసింజరు ఎప్పుడు వంతెన ఎక్కుతుందో మామ చెప్పాడు, సైకిలు ఇచ్చాడు. వెనక క్యారియర్ మీద గోనెసంచి మడిచి వేసి కట్టాడు. ముసలావిడను సైకిలు ఎక్కించడానికి అత్త ఒప్పుకోలేదు, అవ్వే ఎక్కి కూర్చుంది. సీటు కింది స్ప్రింగులను పట్టుకుని, ‘‘నిదానమే. ఈ వయసులో నా ఎముకలు ఏరుకునేదానికి ఎవురూ రారు’’ అన్నది.

నేను చెమటలు కక్కుతూ తొక్కాను. అవ్వ తేలికపాటి మనిషే గానీ కంకర మీద వెనక చక్రం జారుతోంది. ఆమె ఒక్కసారి కూడా పట్టాల వైపు చూడలేదు. చేల వైపు తిరిగి, ఎవరి చేను ఎలా దున్నారో చెబుతూ వచ్చింది. బండి టైము దాటిపోతుందేమోనని నా కళ్లు ఎండ మీదే. సగం దారికి పైగా సరిగ్గానే వచ్చాం. ఆ తర్వాత ఇవతలి పక్క వాగు కోసిన గండి ఉంది, బాట అక్కడ పట్టాలు దాటి అవతలి పక్కకు పోతుంది. రోజూ అందరూ దాటే చోటే. నేను దిగి, అవ్వను దింపి, సైకిలును కంకర మీదికి నెట్టాను. వెనక్కి చూస్తే అవ్వ కదల్లేదు.

‘‘రా అవ్వా, బండి వచ్చే టైమయింది.’’

‘‘నువ్వు దాటుకో. నేను ఈడ్నే కూసుంటా.’’

భయమా అని అడిగాను. చేయి పట్టుకుంటానన్నాను. అవ్వ నా వైపు కాదు, మొదటిసారి పట్టాల వైపు చూసింది. ఎండకు మెరుస్తున్న రెండు గీతలు, కింద వరసగా అడ్డకర్రలు. ఈ కొస నుంచి ఆ కొస దాకా తల తిప్పి నిదానంగా చూసి, ‘‘పడుగును దాటమంటావేమే?’’ అన్నది.

అవ్వ అప్పుడు చెప్పింది. వచ్చిన రోజు నుంచీ తాను పట్టాలకు వీపు పెట్టి కూర్చున్నది కోపంతో కాదు. ఇంత పొడుగు పడుగు చాపి ఉంటే, ముసలీ ముతకా, మేకలూ కుక్కలూ, చివరికి సొంత అల్లుడు కూడా దాన్ని తొక్కుకుంటూ తిరుగుతున్నారు. నేత ఇంట పుట్టిన కళ్లతో అది చూడలేక. ఇంకొకరి పడుగు కాబట్టి ఒక మాట అనే హక్కు తనకు లేదు, అందుకని మొహం తిప్పుకుంది. అంతే. ఇనుమని చెప్పాను, నూలు కాదని చెప్పాను. ‘‘నాకు కండ్లు లేవా? ఇనుమని తెలుస్తాంది. సాపినారా లేదా?’’ అన్నది.

‘‘అయితే కొస యాడుంది? చుట్టుకొని పోదాం.’’

‘‘ఈ పక్క మద్రాసు, అవ్వా. ఆ పక్క బొంబాయి.’’

అవ్వ రెండు పక్కలా మళ్లీ చూసింది. ‘‘చుట్టుకొనేదానికి నా ఆయుస్సు సాలదు’’ అని కొంగు సర్దుకుని రాయి మీద కూర్చుంది. నేను సైకిలు హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాను. ఎండ వాలుతోంది. అనంతపురం కాలేజీ నా కళ్ల ముందే ఒక్కో గది మూసుకుంటున్నట్టు అనిపించింది. అప్పుడు అవ్వే గండి వైపు చేయి చూపి, ఆ బొక్క ఏమిటని అడిగింది. కట్ట కింద వాగునీళ్లు పోవడానికి కట్టిన మోరీ అది. ఎండాకాలం కాబట్టి పొడిగా ఉంది. ‘‘మరి సెప్పవేం? వంగి దూరచ్చు గదా’’ అని అప్పుడే లేచి గండిలోకి దిగుతోంది.

సైకిలును పడుకోబెట్టి లాక్కుంటూ నేనూ, నడుము వంచి అవ్వా ఆ మోరీలో నుంచి దూరాం. ఇసుక, గబ్బిలాల కంపు, చల్లదనం. లోపల అవ్వ అడుగు నా అడుగు కంటే చురుగ్గా పడింది. జన్మంతా పడుగుల కింద దూరిన నడుము అది. బయటపడేసరికి చాలాసేపయింది. నేను అవ్వను ఏ ఎత్తు మీద నిలబెట్టి వంతెనను చూపించాలనుకున్నానో అక్కడికి ఇక చేరలేం. తొక్కగలిగినంత తొక్కి, ఏటి వాలు రాగానే సైకిలు పడేసి, అవ్వ చేయి పట్టుకుని ఇసుకలోకి దిగాను. దిగిన చోటు సరిగ్గా వంతెన కింద. ఇక్కడి నుంచి ఏమీ కనబడదు. నా పథకం అంతా ఇసుకలో పోసినట్టయింది.

అప్పుడు పట్టాలు పాడటం మొదలుపెట్టాయి. అవ్వ తల ఎత్తింది. పై నుంచి అడ్డకర్రల సందుల్లో ఆకాశం పేలికలుగా కనబడుతోంది. రైలు మా నెత్తి మీదికి వచ్చింది. నేను ఎన్నోసార్లు దాన్ని పక్క నుంచి చూశాను గానీ కింద నుంచి ఎప్పుడూ చూడలేదు. వెలుగూ నీడా, వెలుగూ నీడా అవ్వ మొహం మీద మగ్గంలో పోగు మోసుకుని అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆడినట్టు ఆడాయి. ఉరుము ఒకచోట పుట్టి ఒకచోట చస్తుంది. ఇది పుట్టి మా మీదే నిలబడిపోయింది. ఇసుక నా కాళ్ల కింద జరుగుతోంది. వేడి నీటి తుంపర పడింది. మంత్రాలయం మొక్కుబడి కాబోలు, పై నుంచి ఎవరో ఏట్లో వేసిన నాణెం, మల్లెపూల దండ ఒకటి గిర్రున తిరుగుతూ మా ముందు పడ్డాయి. నేను చెవులు మూసుకున్నాను. అవ్వ మూసుకోలేదు. రెండు అడుగులు వేసి, రాతి స్తంభానికి అరచేయి ఆనించి కళ్లు మూసుకుంది.

బండి పోయింది. చప్పుడు అవతలి ఒడ్డు దాకా పోయి సన్నబడింది. పిచ్చుకలు మొదలుపెట్టాయి. అవ్వ మాత్రం చేయి తీయలేదు. రాయిలో మిగిలిన వణుకు పూర్తిగా అణిగేదాకా అలాగే ఉంది. ఆ మొహం నాకు తెలుసు. వీధిలో గంజి వాసన నడుమ, గుంజ దగ్గర నాన్న ఊపిరి బిగబట్టుకుని ఎదురుచూసే మొహం అది. నేనూ ఊపిరి బిగబట్టాను.

‘‘అంత బరువు పోయింది, పోగు సడల్లేదు,’’ అన్నది చివరికి, నాతో కాదు, తనలో తాను అనుకున్నట్టు. ‘‘సాపినోడెవడో గానీ బిగి తెల్సినోడు.’’ తర్వాత చేయి తీసి, పసుపు కుంకుమ మూట విప్పుతూ, నా వైపు చూడకుండానే అన్నది, ‘‘పోయిరా.’’

అనంతపురానికేనని నాకు అర్థమైంది. వచ్చిన దారినే మోరీలో దూరి ఇల్లు చేరాం. ఆ రాత్రి మామకు అన్నం వడ్డించింది అవ్వే. ఆయన మగ్గం వదల్లేదని, రోజూ పడుగు సరిచూసుకుంటున్నాడని కూతురితో చెప్పింది. మామ ఆ మాట విని ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాడు. ఆ తర్వాత పనికి పోయేటప్పుడు ఆయన క్వార్టరు ఎదుట పట్టాలు దాటకుండా ఇవతలి అంచునే కొంత దూరం నడిచేవాడని అత్త చెప్పేది. అవ్వ మళ్లీ వచ్చి ఉన్న రోజుల్లో మాత్రమేనట. ఇది నేను చూడలేదు, విన్నదే రాస్తున్నాను.

అరకు నుంచి వచ్చాక ఎమ్మిగనూరు పోయి మా పాత వీధిలో నిలబడ్డాను. వీధిలో పడుగు చాపేవాళ్లు లేరు. గంజి ఎక్కడో యంత్రంలో పడుతోంది, నూలు సిద్ధంగా వస్తోంది. మోటారు బండ్లు ఈ కొస నుంచి ఆ కొస దాకా దేనికీ ఆగకుండా పోతున్నాయి. దాటకూడనిది ఒక్కటీ లేని వీధి నడవడానికి సుఖంగానే ఉంది, కాదనను. తుంగభద్ర దగ్గర కరెంటు రైళ్లు. గ్యాంగుబాట తుమ్మల్లో పూడిపోయింది. మా మనవరాలు ఫోన్లో చూపించిన దారిని డబ్బు పోసి వేశారు, మా దారి కాళ్లకు అరిగి ఏర్పడింది. ఏది గొప్పదని నన్నడిగితే లెక్కల మనిషిగా చెబుతాను, రెండింటినీ ఒక తక్కెడలో పెట్టడానికి లేదు. అద్దాల పెట్టెలో నుంచి కొండలన్నీ కనబడ్డాయి. వంతెన కింద నుంచి నాకు ఏమీ కనబడలేదు. అయినా నా జీవితంలో నేను చూసిన రైలు అదే.

కాలేజీ తెరిచే రోజున అవ్వ ఆదోని స్టేషన్ దాకా వచ్చింది. పొద్దున్నే లేచి ఉగ్గాని చేసి ఆకులో కట్టింది. అనంతపురం వైపు బండి అవతలి ప్లాట్‌ఫారం మీదికి వస్తుందన్నారు. నాన్న ట్రంకుపెట్టె ఎత్తుకుని ఇనుప మెట్ల వంతెన ఎక్కాడు. అవ్వ మెట్ల దగ్గర ఆగిపోయింది. కింద నుంచి పోయే దారి ఉందా అని అక్కడున్న కూలీని అడిగింది, లేదన్నాడు. ‘‘పైనుంచి దాటినా దాటినట్టే’’ అని నా చేతిలో పొట్లం పెట్టి, ఇవతలే బెంచీ మీద కూర్చుంది. నేను మెట్లెక్కి అవతలికి పోయాను. రెండు జతల పట్టాల మీదుగా మేము ఒకరినొకరు చూసుకుంటూ ఉండగానే బండి వచ్చి మధ్యలో నిలబడింది. అవ్వ కనబడకుండా పోయింది.

నాన్న లోపల చోటు వెతుకుతున్నాడు. నేను ఎక్కలేదు. ఆ రోజుల్లో ప్లాట్‌ఫారాలు ఇంత ఎత్తు ఉండేవి కావు. నేను వంగాను. చక్రాల మధ్య నుంచి, ఆవిరి పొగలో నుంచి, అవతలి గచ్చు మీద ఎవరెవరివో కాళ్లు, బుట్టలు, ఒక కుక్క. వాటి నడుమ, నేలకు దగ్గరగా, నడుము వంచి నా వైపే చూస్తున్న అవ్వ మొహం. కుడి చేయి ముందుకు చాపి ఉంది, అరచేయి నా వైపు తెరిచి, దేనికో ఆనించి బిగి చూస్తున్నట్టు.

ఏం పడిపోయిందని నాన్న కిటికీలో నుంచి అడిగాడు. ఏమీ పడలేదని చెప్పి బండి ఎక్కాను.